కోడి తిట్లకు అమెరికా జవాబు

ఆ ఆదివారం పొద్దున ప్రమీలాదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే హాలుకు చేరి, మైకు సరిచూసుకుని, నీళ్ల గ్లాసు దగ్గర పెట్టుకుని, సాహితీ మిత్రమండలి పెద్దలందరి ముందూ ఒక్క ఉపన్యాసం తడబడకుండా చెప్పాలి. అంతే.

ఆమె సిద్దిపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. మిత్రమండలిలో ఆరేళ్లుగా సభ్యురాలు. ఆ ఆరేళ్లూ ప్రతి సభలోనూ ఆమెకు దక్కింది వందన సమర్పణ ఒక్కటే. ఎవరి కవిత్వం ఎంత విసిగించినా, చివర్లో లేచి వాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవడం ఆమె వంతు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండేది. మండలి కార్యదర్శి పదవి ఈమధ్యే ఖాళీ అయింది. "నాకివ్వండి" అని ఆమె నోరు తెరిచి అడిగేసింది.

అధ్యక్షుడు పోశయ్య సారు రిటైరైన తెలుగు పండితుడు. కాదనడం ఆయనకు చేతకాదు, ఔననడం ఇష్టం లేదు. "నీ ఇష్టమొచ్చిన అంశం మీద మాట్లాడమ్మా. హాలు సగం నిండి, జనం ఆఖరి దాక కూసుంటే పదవి నీదే," అన్నాడు. మండలి సభలకు పదిమంది వస్తే పండుగ. అందులో ఇద్దరు ఫ్యాను కోసం వచ్చేవాళ్లు. కాబట్టి ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు.

ఆమె ఎన్నుకున్న అంశం ర్యాప్. అమెరికాలో నల్లవాళ్ల గల్లీల్లో కుర్రాళ్లు దరువు మీద మాటలు పేర్చి గుక్క తిప్పుకోకుండా చెప్పే పాట. హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఒక క్యాసెట్ రికార్డు చేసి ఇచ్చాడు. మొదటిసారి విన్నప్పుడు ఆమెకు తలనొప్పి వచ్చింది. మూడోసారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కవిత్వం కాదన్నవాళ్లతో పోట్లాడటానికి ఆమె సిద్ధంగా ఉంది.

ఆమె హాలుకు వచ్చేసరికి మైక్ సెట్ జాఫర్ డాబా మీద రెండు హారన్లు కట్టి దిగుతున్నాడు. ఒకటి సడక్ వైపు, ఒకటి వెనక గల్లీ వైపు.

"మేడం, టెస్టింగ్‌కు పెట్టే నా క్యాసెట్ రీలు చిక్కువడ్డది. మీదేమన్న ఉంటే ఇయ్యిన్రి," అన్నాడు.

ఆమె తన క్యాసెట్ ఇచ్చేసి, కుర్చీలు తుడవడంలో పడింది.

సరిగ్గా అప్పుడే వెనక గల్లీలో కొండవ్వ నడుము బిగించింది. ముందురోజు సాయంత్రం నుంచి ఆమె ఎర్రకోడి కనబడటం లేదు. ఆ గల్లీలో కోడి పోతే పోలీసుల దగ్గరికి వెళ్లరు. కోడిని పోగొట్టుకున్న మనిషి పొద్దున్నే నడి గల్లీలో నిలబడి, పేరెత్తకుండా, దొంగ ఎవడైతే వాడికి తగిలేటట్టు తిడుతుంది. ఆ తిట్లకు ఎవ్వరూ బదులు చెప్పకూడదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బదులు చెప్పినవాడే దొంగ. ఇది గల్లీ న్యాయం. దీనికి అప్పీలు లేదు.

"నా కోడిని పట్టినోని చెయ్యి చచ్చువడ! ఈకలు పీకినోని ఏళ్లు వంకరవోను! మసాల నూరినోని మాట పడిపోను!" అని కొండవ్వ మొదటి విడత ముగించి గుక్క తిప్పుకుంది.

హారన్లోంచి ధన్‌మని దరువు మోగింది. దాని వెంబడే ఒక మగగొంతు పట్టరాని కోపంతో, ఊపిరి పీల్చకుండా విరుచుకుపడింది.

 కొండవ్వకు కోడి పోయిన బాధ ఒక ఎత్తు, దొంగ మైకు పెట్టి మరీ తిట్టడం ఒక ఎత్తు. "నన్నే ఎదురు తిడుతున్నవా!" అంటూ ఆమె రెండో విడత అందుకుంది.

హాల్లో జాఫర్ ఆ కేక విని క్యాసెట్ ఆపేశాడు. ఎవరైనా మాట్లాడుతుంటే మైకు నడపకూడదని వాళ్ల నాయన బాబా మియా నేర్పిన మర్యాద. ఆమె ఆగగానే మళ్లీ నొక్కాడు. ఆమె అందుకోగానే మళ్లీ ఆపాడు. అతను చూపిస్తున్న మర్యాదకు గల్లీ మొత్తం బయటికి వచ్చింది.

"మాటకు మాట చెప్తుండు సూడు!" అంది రాములవ్వ. "ఏం బాస గది? మెహరాజమ్మా, మీ ఉర్దూనా?"

మెహరాజ్ బేగం కొంగు సర్దుకుని చెవి రిక్కించింది. "మాది గాదక్కా. మా దాంట్ల గింత తొందర లేదు. గది ఇంగ్లీషు."

"ఇంగ్లీషుల తిడుతున్నడంటే సదువుకున్నోడే. సదువుకున్నోళ్లంత గా హాల్లనే ఉన్నరు," అంది కొండవ్వ. "నడువున్రి!"

ఆమె గల్లీ అంతటినీ కూడగట్టేసరికి హాల్లో ఉపన్యాసం మొదలై అయిదు నిమిషాలైంది. ఎదురుగా ఎనిమిది మంది. వేదిక మీద పోశయ్య సారు ఖాళీ కుర్చీలను ప్రేమగా చూసుకుంటున్నాడు. "ఇది వీధిలో పుట్టిన కవిత్వం. వీధి తన గోడు తనే చెప్పుకోవడానికి..." అని ప్రమీలాదేవి అంటూ ఉండగా తలుపు భళ్లున తెరుచుకుని వీధి లోపలికి వచ్చింది. ముందు కొండవ్వ, వెనక గల్లీలో ఉన్న ఆడవాళ్లందరూ, వాళ్ల వెనక ఏం జరుగుతుందో చూద్దామని సడక్ మీది జనం. కుర్చీలు చాలలేదు.

"నన్ను తిట్టినోడు ఎవడు? మొగోడైతే ముంగటికి రమ్మనున్రి!"

ఆ ఎనిమిది మందీ ఒకరి వెనక ఒకరు దాక్కునే ప్రయత్నం చేశారు.  ఆరేళ్ల తర్వాత దక్కిన ఒక్క సభ కోడి పాలైందే అని ప్రమీలాదేవికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా వేదిక దిగి వచ్చింది.

"అవ్వా, నిన్నెవ్వరు తిట్టలేదు. గది క్యాసెట్. గాయన అమెరికాల ఉంటడు."

"అమెరికాయనకు నా కోడితోని ఏం పని?"

"నీ కోడి గురించి గాదవ్వా. ఆయన బాధ ఆయన చెప్పుకుంటుండు."

"బాధనా? మరి ఏమంటుండు?"

ప్రమీలాదేవి చేతిలో పది పేజీల ఉపన్యాసం ఉంది. అందులో కొండవ్వకు పనికొచ్చే వాక్యం ఒక్కటీ లేదు. కాగితాలు కుర్చీ మీద పెట్టేసింది. "ఆయన గల్లీల ఎవ్వరికి నౌకర్లు లేవంట. రోడ్డు మీద నడుస్తుంటె పోలీసోళ్లు ఊకెనే ఆపుతరంట. ఇంటి కిరాయి కట్టలేక అవ్వ ఏడుస్తుందంట. మెల్లగ చెప్తె ఎవ్వరు వినలేదు, గందుకే గిట్ల చెప్తున్న అంటుండు."

 కొండవ్వ జాఫర్ మైక్ సెట్ వైపు చూసి తల ఊపింది.

"ఆయనది గూడ ఏదో పోయింది బిడ్డా. ఏం పోనోడు గింత గనం మొత్తుకోడు."

 ప్రమీలాదేవి పది పేజీల్లో చెప్పలేక తంటాలు పడ్డది అదే.

"మరి నా తిట్లు సగంల ఆగినయి," అంది కొండవ్వ. "జాఫరూ, మాటలు లేకుంట గా దరువు ఉంటె పెట్టు."

పాట చివర్లో ఉత్త దరువు ఉన్న జాగ జాఫర్‌కు దొరికింది. కొండవ్వ మైకు అందుకుంది. మొదటి రెండు మాటలు దరువుకు ముందు పడ్డాయి. మూడో మాటకు దరువే ఆమె వెంట వచ్చింది.

"బొక్కలు చీకినోని పండ్లు బోడివోను! చారు జుర్రినోని గొంతు చారలు వడ! సుట్టమొచ్చిండని కోసినోడా, సుఖం లేదు నీకు! అల్లుడొచ్చిండని కోసినోడా, అరగది పో నీకు!"

గల్లీ ఆడవాళ్లు చప్పట్లతో తాళం వేశారు. ఫ్యాను కోసం వచ్చిన ఇద్దరూ ఫ్యాను సంగతి మరిచిపోయారు. పోశయ్య సారు వేళ్లు ఆయనకు తెలియకుండానే యతులు లెక్కపెట్టడం మొదలుపెట్టి, అల్లుడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. ముందురోజు సాయంత్రం దుబ్బాక నుంచి ఆయన అల్లుడు వచ్చాడు. ఇంట్లో కోడికూర వండారు. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు కూడా.

అధ్యక్షోపన్యాసానికి లేచేసరికి ఆయన మొహం పాలిపోయి ఉంది. "సభాసదులారా" అన్నాడు. గొంతు పెగల్లేదు. నీళ్లు తాగి మళ్లీ "సభాసదులారా" అన్నాడు. జనం ఎదురుచూస్తున్నారు. పొద్దున హాలుకు వస్తూ గల్లీలోంచి విన్న, మసాలా నూరినవాడి మాట పడిపోవాలన్న తిట్టు ఆయన చెవిలో గింగురుమంటోంది. నూరింది ఆయన భార్య యాదవ్వ, పడిపోయింది ఆయన మాట.

"కవిత్వ ప్రయోజనం శ్రోత అంతరాత్మను కదిలించడమని నేనే పలుమార్లు చెప్పి ఉన్నాను," అన్నాడు చివరికి. "కదిలింది. నిన్న రాత్రి నేను కోడికూర భుజించిన మాట వాస్తవం. కోడి ఎవరిదని విచారించలేదు."

హాలు దద్దరిల్లింది. కొండవ్వ నవ్వలేదు. "సారూ, గా కోడి రోజు పొద్దుగాల నా గడపల కూసుంటుండె. నాతోని మాట్లాడేది గదొక్కటే," అంది. పోశయ్య సారు తలవంచుకుని, తన గూట్లోంచి మంచి పెట్టను ఏరి మధ్యాహ్నానికల్లా పంపిస్తానని అందరి ముందూ మాట ఇచ్చాడు. అప్పటిదాకా ఒక్కరూ కదల్లేదు. కార్యదర్శి పదవి గురించి ప్రమీలాదేవి నోరు తెరిచి అడగవలసిన అవసరమే రాలేదు.

సాయంత్రం యాదవ్వ గూడు మూస్తూ కోళ్లను చూసుకుని భర్తను పిలిచింది. "అల్లునికి మన కోడినే కోసిన. ఇంకొకటి ఏమాయె?" అని అడిగింది. ఆయన చెప్పాడు. తర్వాత ఆమె చెప్పినవి దరువు లేకుండానే చాలా దూరం వినిపించాయి.

అదే వేళకు రాములవ్వ గడ్డివాము వెనక నుంచి కొండవ్వ ఎర్రకోడి తాపీగా నడిచి వచ్చింది. కొండవ్వ దాన్ని ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. తర్వాత గల్లీ అటూ ఇటూ చూసి, దాన్ని కొత్త పెట్ట పక్కన గూట్లోకి తోసి, ఏమీ ఎరగనట్టు తలుపు వేసుకుంది.

తర్వాతి నెల సభకు హాలు చాలక వరండాలో జంపఖానాలు పరిచారు. వచ్చినవాళ్లలో కవులెవరో, కోళ్లు పోయినవాళ్లెవరో కొత్త కార్యదర్శికి సభ ముగిసేదాకా అంతు చిక్కలేదు.