వెనక గోడ మీద రెండు దెబ్బలు

ఆ ఉదయం వెర్లిన్ హాస్కెట్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఏడున్నరకి క్యాంపు ఖాళీ చేయాలి. ఎనిమిదింటికి డీజిల్ పోయించుకోవాలి. తొమ్మిదిలోపు కూడలి చేరాలి. అక్కడ కుడికి తిరిగితే ఆరెగన్ సముద్రతీరం. ఎడమకి తిరిగితే, చుట్టు తిరిగి, నెబ్రాస్కాలో సొంత ఇల్లు. ఎటు తిరగాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ చక్రాల మీదే ఉన్న ముప్పై అడుగుల ఆర్వీలో వెర్లిన్, అతని భార్య డోరీన్, నేలకు వేలాడే చెవుల కుక్క టర్నిప్ బయల్దేరి పదకొండు రోజులైంది. వేసుకున్న యాత్ర తొంభై రోజులు. పన్నెండో రోజు కాఫీ దగ్గరే గొడవ మొదలైంది.

"ఇన్ని రోజుల్లో నువ్వు నాతో ఏం మాట్లాడావో చెప్పనా?" అంది డోరీన్ కప్పులు అలమరలో కుక్కుతూ. "టైర్లలో గాలెంత, ట్యాంకులో నీళ్ళెన్ని. అంతే! ముప్పై నాలుగేళ్ళు ఊరందరి నీళ్ళ మీటర్లు చూసొచ్చావు. ఇప్పుడు నన్నూ మీటర్ని చూసినట్టే చూస్తున్నావు."

"మీటరు ఎదురు మాట్లాడదు కదా," అన్నాడు వెర్లిన్. జోకనుకున్నాడు. కాలేదు.

"సరే. కూడలి దగ్గర నీ ఇష్టం వచ్చినవైపు తిప్పుకో. ఇంటికే అయితే మాత్రం, నీ గరాజ్‌లో నువ్వుండు, మా చెల్లెలి దగ్గర నేనుంటాను. అందాకా నాతో మాట్లాడకు."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. బండి వెనక్కి తీయడానికి మాత్రం ఎప్పటిలాగే కింద నిలబడి వాకీటాకీలో దారి చెప్పింది. "ఎడమకి. ఇంకా. ఆగు." అంతే. తన వాకీటాకీని స్వెటర్ జేబులో పడేసుకుని, వెనక గదిలోకి పోయి తెర లాగేసుకుంది. వెర్లిన్ తనది దొర్లిపోకుండా స్టీరింగ్ ముందు కాఫీ ఫ్లాస్కు కింద ఇరికించాడు.

మొగుడూపెళ్ళాల మధ్య ఒక ఏర్పాటుంది. బండి కదిలేముందు వెర్లిన్ "వెళ్దామా?" అంటాడు. వెనక గదిలోంచి డోరీన్ గోడ మీద రెండుసార్లు కొడుతుంది. కొట్టకపోతే బండి కదలదు. ఎంత పోట్లాట జరిగినా ఈ ఏర్పాటు ఎన్నడూ తప్పలేదు.

డీజిల్ దగ్గర తప్పింది.

వెర్లిన్ టైర్ల గాలి చూడ్డానికి బండికి అవతలివైపు మోకాళ్ళ మీద కూర్చున్న సమయంలో, డోరీన్ ఇవతలి తలుపు తీసుకుని దిగి, ట్యాంకు నీళ్ళ లెక్క మళ్ళీ వినలేక, దుకాణంలోని బాత్రూంకి వెళ్ళింది. రెండు నిమిషాల తర్వాత వెర్లిన్ స్టీరింగ్ ముందుకొచ్చాడు. తెర మూసే ఉంది. అతని మనసులో ఏదో కలుక్కుమంది.

"వెళ్దామా బంగారం?" అన్నాడు మెత్తగా.

ఆ గొంతు అతను నలభై ఒక్కేళ్ళ కాపురంలో ఒకే ఒక్క సందర్భంలో వాడాడు, కుక్కకి జున్నుముక్క పెట్టేటప్పుడు. తెర వెనక మంచం మీద టర్నిప్ తల ఎత్తింది. తోక పైకి లేస్తూ గోడకి ఒకసారి, దిగుతూ ఇంకోసారి తగిలింది.

టప్. టప్.

బండి కదిలింది.

నాలుగు మైళ్ళు పోయాక వెర్లిన్‌కి ధైర్యం వచ్చింది. "డోరీన్, బంగారం, నేను చెప్పేది వింటావా?"

టప్. టప్.

"ఇంట్లో అయితే గరాజ్ ఉంది. మాట తోచనప్పుడు అక్కడ దాక్కుంటా. ఇక్కడ దాక్కోడానికి చోటు లేదు. అందుకే ఇల్లు ఇల్లు అంటున్నాను. నీ మీద విసుగొచ్చి కాదు. నీతో ఏం మాట్లాడాలో తెలీక. కోపమా?"

టప్. టప్.

కోపం ఉంది, కానీ వింటోంది. వెర్లిన్‌కి ఊపొచ్చింది. బండి పక్క అద్దం పగిలింది గాలికి కాదన్నాడు, స్తంభానికి తనే కొట్టానన్నాడు. "మీ చెల్లెలు పండక్కి పంపే ఆ బీన్స్ వంటకం ఉందే, అది తొమ్మిదేళ్ళుగా తింటోంది టర్నిప్. ఒక ఏడాదైతే అదీ తినలేదు." డోరీన్‌కి వాళ్ళమ్మమ్మ ఇచ్చిన పింగాణీ కోడిపుంజు సంగతి కూడా చెప్పేశాడు. ప్రతిదానికీ రెండు దెబ్బలు. తన భార్య ఇంత క్షమాగుణం గలదని వెర్లిన్ ఎన్నడూ అనుకోలేదు.

కూడలి వచ్చింది. "ఇంటికెళ్దామా?" అన్నాడు పొడిగా.

చప్పుడు లేదు.

"పోనీ, సముద్రానికి వెళ్దామా బంగారం?"

టప్. టప్.

కుడికి తిప్పేశాడు. మరో పది మైళ్ళు హాయిగా ఈల వేసుకున్నాడు. అంతలో వెనక ఎర్రదీపాలు, నీలందీపాలు వెలిగాయి.

కిటికీ దగ్గరికొచ్చిన పోలీసామె ట్రేసీ చాలా మర్యాదగా అడిగింది. "బండిలో ఎవరెవరున్నారు సార్?"

"నేను, మా ఆవిడ, కుక్క."

"ఆవిడని ఓసారి పిలవండి."

"పిలిస్తే రాదండీ. నాతో మాట్లాడ్డం లేదు. అడిగితే గోడ మీద కొడుతుంది."

"గోడ మీద కొడుతుందా? గదిలో పెట్టి తాళం వేశారా?"

"అయ్యో, తెరేనండీ! డోరీన్, బంగారం, బాగానే ఉన్నావు కదూ?"

టప్. టప్.

ట్రేసీ లోపలికెక్కి తెర లాగింది. మంచం మీద గులాబీరంగు దుప్పటి, దాని మీద టర్నిప్. జున్నుముక్క ఏదీ అన్నట్టు చూసింది.

వెర్లిన్ దుప్పటి ఎత్తి చూశాడు. మంచం కింద చూశాడు. స్నానాలగదిలో చూశాడు. ఫ్రిజ్ తలుపు కూడా తీసి చూశాడు.

"ఇందాకటిదాకా ఉందండీ," అన్నాడు. "అరగంట పైనే మాట్లాడాను. అన్నీ ఒప్పేసుకున్నాను."

"ఏం ఒప్పుకున్నారు?" ట్రేసీ చెయ్యి నడుం బెల్టు దగ్గరికి చేరింది.

"పగలగొట్టి, పెరట్లో పాతిపెట్టేశాను. చాలా ఏళ్ళయింది."

"ఎవర్ని?"

"కోడిపుంజుని."

"బండి దిగండి సార్. చేతులు కనబడేలా పెట్టండి."

రెండో పోలీసు కారు వచ్చింది. సామాన్ల అర తెరిచారు. అందులో పార దొరికింది. "క్యాంపులో నిప్పు ఆర్పడానికండీ," అన్నాడు వెర్లిన్. ఆ మాట అన్నాక అతనికే నమ్మబుద్ధి కాలేదు. డోరీన్ ఏమైపోయింది? ఎక్కడ దిగింది? దిగిన మనిషి గోడ మీద ఎలా కొట్టింది?

సరిగ్గా అప్పుడు ఆలుగడ్డల లారీ ఒకటి వచ్చి పక్కన ఆగింది. డ్రైవరు గార్త్ అనే గడ్డపాయన. కిటికీలోంచి తల బయటపెట్టి, ముందుగా తనకి కావలసింది అడిగాడు.

"పెద్దాయనా, ఆ బీన్స్ వంటకం మరీ కుక్క కూడా తిననంత ఘోరమా?"

అవతలి తలుపులోంచి, ఇంటి చెప్పులతో, డోరీన్ దిగింది.

"డోరీన్!" అన్నాడు వెర్లిన్, ఆర్వీ ముందు తలుపుకి ఆనుకుని.

"డోరీన్!" అంది ఆమె చేతిలోని వాకీటాకీ.

ఫ్లాస్కు బరువుకి అతని వాకీటాకీ మీట నొక్కుకుపోయి ఉంది. బయల్దేరిన దగ్గర్నుంచి అతని ప్రతి మాటా రోడ్డు మీదికి పోతూనే ఉంది. దుకాణంలో అమ్మాయి హడావిడిగా పోలీసులకి ఫోన్ చేస్తుంటే, డోరీన్ మాత్రం గార్త్‌ని పక్క ఊరి బస్సు స్టాండు దాకా దింపమని అడిగింది, చెల్లెలి దగ్గరికి పోదామని. రెండు మైళ్ళు వెనకపడితే వాకీటాకీలో మాట అందదు. అందుకని లారీ బస్సు స్టాండు దాటి కూడా వచ్చేసింది.

"ఇంత దగ్గర్లో ఉండి హారన్ కొట్టి ఆపొచ్చుగా అమ్మా?" అంది ట్రేసీ అయోమయంగా.

"ఆపితే మిగతాది ఎవరు చెప్తారు? దగ్గరికెళ్ళొద్దని గార్త్‌కి నేనే చెప్పా." డోరీన్ మొగుడి వైపు తిరిగింది. "అలాంటి గొంతు నీకుందని నాకు తెలుసు వెర్లిన్. నువ్వు కుక్కతో మాట్లాడుతుంటే గోడ అవతల్నుంచి రోజూ వింటూనే ఉన్నా. కోడిపుంజు సంగతి తర్వాత చూస్తా. సముద్రం ఎంత దూరం?"

"రెండ్రోజులు."

"ఏం మాట్లాడతావు రెండ్రోజులు?"

"తెలీదు," అన్నాడు వెర్లిన్ నిజాయితీగా. "ఇంకా ఒప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి."

పారని సామాన్ల అరలో పెట్టేసి పోలీసులు వెళ్ళిపోయారు. డోరీన్ ఈసారి తెర వెనక్కి పోలేదు. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. వెర్లిన్ ఆమె వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు.

"వెళ్దామా బంగారం?"

వెనక గోడ మీద రెండు దెబ్బలు వినిపించాయి.

"నిన్నడగలేదు," అన్నాడు వెర్లిన్, వెనక్కి చూడకుండానే.