మూడో నంబరులో నీళ్ళు

శనివారం పొద్దున్న తొమ్మిదింటికల్లా జాగ్రత్తగారు స్నానం, టిఫిను ముగించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వీధి తలుపుకి గడియ, గొళ్ళెం, గొలుసు మూడూ బిగించి కూతురి గదిలోకి వెళ్ళాడు. ఆ పూటకి ఆయన పెట్టుకున్న పని చిన్నదే. సముద్రం అడుగున ఒక రాత్రి క్షేమంగా గడిపి, పదింటికల్లా ఒడ్డున పడి, పదిన్నరకి క్షౌరానికి వెళ్ళాలి.

సముద్రం కూతురి కంప్యూటరులో ఉంది. జాగ్రత్తగారనేది ఫ్యాక్టరీలో ఆయనకి పెట్టిన పేరు. సబ్బుల ఫ్యాక్టరీలో ఆయన భద్రతాధికారి. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఎవరికీ వేలు కూడా తెగలేదంటే అది ఆయన చలవే. గ్లాసుతో మంచినీళ్ళు తాగుతున్నవాణ్ణి చూసినా 'జాగ్రత్త' అనకుండా ముందుకు కదలడు. జనం తన వెనకాల ఆ పేరుతో నవ్వుకుంటారని ఆయనకి తెలుసు. అదొక బిరుదని ఆయన ఉద్దేశం.

ఇంతకీ ఈ సముద్రం గొడవ ఎలా మొదలైందంటే, పద్నాలుగేళ్ళ కూతురు బడివాళ్ళతో పదిరోజుల ఈత శిబిరానికి వెళ్తానంది. సరస్సు పక్కన గుడారాలు, పొద్దున్నా సాయంత్రం ఈత, చివరి రెండు రోజులూ నీటి అడుగున మునక. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే తల్లి కాగితం చదివి, నవ్వి, సంతకం పెట్టేసింది. తండ్రి సంతకం కూడా కావాలి. ఆయన సరస్సు లోతెంతో అడిగాడు. గుడారం బట్ట అంటుకుంటుందా అని అడిగాడు. అంబులెన్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. వారం రోజులు ఓర్చుకున్నాక కూతురు పందెం వేసింది.

"నాన్నా, నా ఆటలో ఒక్క రాత్రి ప్రాణాలతో ఉండి చూపించు. ఉంటే శిబిరం మాట మళ్ళీ ఎత్తను. చస్తే నువ్వు సంతకం పెట్టాలి."

ఆ ఆటలో మనిషి సముద్రం అడుగున ఇల్లు కట్టుకుని బతకాలి. ఒకటే ప్రాణం. పోయిందంటే ఇల్లూ పోతుంది, మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాలి. నాలుగు నెలలు కష్టపడి కట్టిన ఆ ఇంటిని పిల్ల పందెంలో పెట్టిందంటే శిబిరం మీద ఎంత మనసు పడిందో ఎవరికైనా అర్థమవుతుంది. జాగ్రత్తగారికి మాత్రం ఆట రాత్రి ఇరవై నిమిషాలేనన్న సంగతి ఒక్కటే అర్థమైంది. ఇరవై రెండేళ్ళు ప్రమాదాల్ని గేటు బయటే నిలబెట్టినవాడికి ఇరవై నిమిషాలు లెక్కలోకి రాలేదు.

కూతురు న్యాయంగానే మూడు సంగతులు చెప్పింది. చీకటి పడగానే లైట్లు తీసేయాలి. చప్పుడు చేయకూడదు. సముద్రంవైపు తలుపు జోలికి వెళ్ళకూడదు. కొత్తగా చేరిన కార్మికుడు తెలిసీ తెలియక ఏదో అంటే నవ్వినట్టు నవ్వాడు తండ్రి. చీకట్లో కాలు తడబడుతుంది, హెచ్చరిక లేకపోతే జనానికి తెలియదు, బయటికి వెళ్ళే దారి మూసి ఉంచడం నేరం.

"నువ్వు చెప్పినట్టు చేస్తే నా ఉద్యోగం ఊడుతుందమ్మా" అన్నాడు. జేబులోంచి తన భద్రతా సూత్రాల జాబితా తీసి కీబోర్డు పక్కన పెట్టుకున్నాడు. అడిగితే తప్ప సాయం చేయకూడదన్నది నియమం కాబట్టి కూతురు మంచమెక్కి మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుంది.

ఆ ఇంటికి కింద నాలుగు అద్దాల గదులు, పైన ఒక చిన్న గది ఉన్నాయి. జాగ్రత్తగారు ముందుగా కింది గదులకి ఫ్యాక్టరీ షెడ్లకి లాగే ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు ఇచ్చాడు. సముద్రం నల్లబడుతుండగా లోపలి దీపాలన్నీ వేసి, అది చాలదని బయటి పెద్ద దీపాలు కూడా వేశాడు. ముందు చిన్న చేపలొచ్చాయి. వెలుగుంటే ఇరుగుపొరుగుకి కూడా ధైర్యమని కూతురితో అన్నాడు. చిన్న చేపల వెనకాల వాటిని తినేవి వచ్చాయి. ఆ తర్వాత వీటన్నిటినీ కలిపి తినేది, బస్సంత పొడుగుది, దూరంగా ఒక నీడలా కదిలింది. దాన్ని బెదరగొట్టడానికి ఆయన సైరను నొక్కాడు. అప్పటిదాకా ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక తిరుగుతున్న జంతువు తిన్నగా వచ్చి మూడో గది అద్దాన్ని గుద్దింది.

అద్దం బీటలు వారింది. జాబితాలో తర్వాతి సూత్రం, అత్యవసర ద్వారం తెరిచి ఉంచవలెను. ఆయన తెరిచాడు. సముద్రం లోపలికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఆ రోజు సెలవు ఆయనకే, ఫ్యాక్టరీకి కాదు. అక్కణ్ణుంచి ఆయన అసిస్టెంటు. పనిముట్ల బీరువా తాళం ఎక్కడ పెట్టారో కనుక్కుందామని చేశాడు పాపం. చేతులు ఖాళీ లేక ఆయన స్పీకరు నొక్కి ఫోను బల్లమీద పెట్టాడు. అసిస్టెంటు నోరు తెరిచేలోగా ఆయన గొంతే వినబడింది.

"మూడో నంబరులో నీళ్ళు. పైకెక్కాలి, వెంటనే."

"మూడో నంబరా సార్?"

"మూడే. కళ్ళముందు మునిగిపోతోంది."

ఫ్యాక్టరీ మూడో షెడ్డులో సబ్బు పొడి బస్తాలుంటాయి. అందులోకి నీళ్ళొస్తే నురగ ఎంత ఎత్తు లేస్తుందో జాగ్రత్తగారే ఏటా బొమ్మలు వేసి మరీ చెబుతాడు. ముందు పని, తర్వాత ప్రశ్న అన్నది కూడా ఆయన నేర్పిందే. అసిస్టెంటు ప్రశ్నని మింగేసి గంట కొట్టాడు. రెండువందల పద్నాలుగు మంది మెట్లెక్కి డాబా మీదికి చేరి, వరసల్లో నిలబడి, పేర్లు పిలిపించుకున్నారు. కింద మూడో షెడ్డు ఎప్పటిలాగే పొడిగా ఉంది.

డైరెక్టరు కూడా డాబా ఎక్కాడు. ఇంట్లో ఉన్న మనిషికి షెడ్డులో నీళ్ళు ఎలా కనబడ్డాయని ఆయన అడిగాడు. అసిస్టెంటు చేతిలోని ఫోను చూసుకున్నాడు. అది ఇంకా తెగలేదు. చెవి దగ్గర పెట్టుకుంటే అవతల జాగ్రత్తగారు గాలి మరో మూడు నిమిషాలకే సరిపోతుందని అంటున్నాడు. నీళ్ళు షెడ్డులో కాదు, సార్ ఇంట్లోనేనని అసిస్టెంటుకి అప్పుడు తట్టింది. ఫ్యాక్టరీ ఫైరింజను రబ్బరు పడవతో సహా గేటు దాటింది. దారంతా ఎండ కాస్తూ ఉండడం ఎవరి దృష్టికీ రాలేదు.

ఇక్కడ జాగ్రత్తగారి పరిస్థితి చెప్పుకునేలా లేదు. నాలుగు గదులూ నిండిపోయి పై గదిలో చిక్కుకున్నాడు. జాబితాలో సూత్రాలన్నీ అయిపోయాయి. చొక్కా వీపుకి అంటుకుపోయింది. అద్దం అవతల ఆ జంతువు కన్ను ఆగి ఆయన్నే చూస్తోంది. ఇది ఆటేనని తెలుసు. అయినా ఆయనకి నిజంగా భయం వేసింది. పిల్లని సరస్సుకి పంపమన్న రోజునుంచి లోపల దాచుకున్న భయం కూడా వచ్చి దానితో కలిసింది.

"ఏం చేయాలే?" అన్నాడు, తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా.

కూతురు ఊరుకుంటే చాలు. ఇల్లు పోతే పోయింది, శిబిరం దక్కుతుంది. నాలుగు నెలల ఇంటిని వదులుకోవడానికి ఆ పిల్ల సిద్ధపడే ఉంది. కానీ నాన్న ఒకరిని సాయం అడగడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పుస్తకం మూసేసి వచ్చి ఆయన కుర్చీ వెనకాల నిలబడింది.

"ముందు లైట్లు తీసెయ్. సైరను ఆపు. తలుపు మూసి పంపు వెయ్, నీళ్ళు అవే పోతాయి. ఇప్పుడింక ఏమీ చెయ్యకు నాన్నా."

"ఏమీ చెయ్యకుండా ఎలా?"

"అదే కష్టం. కూర్చో."

ఇద్దరూ చీకటి తెర ముందు కూర్చున్నారు. మిగిలిన గాలి చూపించే అంకె తగ్గుతూ వచ్చి, కింద నీళ్ళు తీసేసరికి ఆగింది. పక్కన పిల్ల తొణక్కుండా బెణక్కుండా ఉంది. ఊపిరి కూడా తీరిగ్గా తీసుకుంటోంది. ఆమెకి అది ఎవరు నేర్పారో ఆయనకి తెలియలేదు. తను మాత్రం నేర్పలేదు. జంతువు ఇంటిచుట్టూ రెండుసార్లు తిరిగి, విసుగుపుట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి నీళ్ళు నల్లరంగు నుంచి నీలానికి తిరిగాయి. తెల్లవారింది.

"గెలిచావు" అంది కూతురు. మొహం పక్కకి తిప్పుకుని, బల్లమీది శిబిరం కాగితం మడవబోయింది.

జాగ్రత్తగారు ఏదో అనేలోపల వీధి తలుపు గడియ, గొళ్ళెం, గొలుసులతో సహా హాల్లో పడింది. తలుపు తట్టి కాలం వృథా చేయరాదని, లోపలికి రాగానే కరెంటు తీసేయాలని ఆయన దగ్గర శిక్షణ పొందిన ఆరుగురు రెండూ వరసగా చేసి, రబ్బరు పడవ ఎత్తిపట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డారు. పొడి నేలని చూశారు. పొడిగా ఉన్న సార్‌ని చూశారు. చెమటతో తడిసిన చొక్కాని చూసి, ఒకడు ఆశగా నీళ్ళెక్కడ సార్ అని అడిగాడు.

ఆయన సంగతంతా చెప్పాడు. ఒక్కటీ దాచలేదు. తన సూత్రాల ప్రకారం నడిచి మునిగానని, పిల్ల చెప్పినట్టు విని తేలానని తన మనుషుల ముందే చెప్పాడు. చెప్పాక కూతురి చేతిలోంచి కాగితం తీసుకుని, మడత విప్పి సంతకం పెట్టాడు.

"పందెం నువ్వే గెలిచావుగా" అంది కూతురు.

"నేను గెలవలేదు. నన్ను నువ్వు బయటపడేశావు. నీకంటే నాకే ఆ శిబిరం అవసరమేమో అనిపిస్తోంది. వెళ్ళు" అన్నాడు. ఆ ఒక్కసారి జాగ్రత్త అన్న మాట గొంతు దాకా వచ్చినా బయటికి రానివ్వలేదు. కూతురు ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. పడవ మోస్తున్నవాళ్ళు మర్యాదగా అటు తిరిగారు.

అప్పుడు డైరెక్టరు ఫోను చేశాడు. ఉద్యోగానికి నీళ్ళొదులుకుని జాగ్రత్తగారు లేచి నిలబడ్డాడు. డైరెక్టరు మాత్రం ఉప్పొంగిపోతున్నాడు. ముందుగా తేదీ చెప్పి జాగ్రత్తగారు పెట్టించే ప్రమాద కసరత్తులో పదకొండు నిమిషాలకి తక్కువ కాకుండా డాబా ఎక్కే జనం, ఈ రోజు నాలుగు నిమిషాల్లో ఎక్కారట. ఇలా చెప్పాపెట్టకుండా చేయడంలోనే ఉంది అసలు కిటుకు అని మెచ్చుకుని, ఇకనుంచి నెలనెలా ఇలాగే జరగాలని, వచ్చే నెలది ఎప్పుడో తనకొక్కడికి చెవిలో చెప్పమని అడిగాడు.

మునిగితే తేల్చడానికి అమ్మాయి ఊళ్ళో ఉండే రోజు చూసుకుని చెబుతానన్నాడు జాగ్రత్తగారు.