పోతులయ్య మగ్గం గుంతలో గంగమ్మ

ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుళ్ళాయప్ప ఆ ఉదయం ఒక్కటే పని పెట్టుకున్నాడు. వాన దిగేలోగా మిద్దె మీది పైపును గోడవార తాను తవ్విన ఇంకుడు గుంతలోకి దించాలి. దించాడు. అంతటితో ఊరుకుంటే మనకు కథ ఉండేది కాదు. వీధిలో నిలబడి, "నీళ్లు పారబోసేటోళ్లకు ఎప్పుడు బుద్ధొస్తాది? నా గుంత చూడండప్పా, చెరువునైనా మింగుతాది!" అన్నాడు.

వాన దంచింది. గుంత నిండనే లేదు, పోసినదంతా తాగింది. కుళ్ళాయప్ప గొడుగు కింద మీసం దువ్వుకున్నాడు. గుంత అడుగున పందికొక్కు బొరియ ఉందనీ, అది పక్కింటి పోతులయ్య మగ్గం గుంతలో తేలుతుందనీ ఆయనకేం తెలుసు?

పోతులయ్య ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని పెళ్లిచీర నేస్తున్నాడు. ఎల్లుండే హిందూపురంలో ముహూర్తం. ఉన్నట్టుండి పాదాలు చల్లబడ్డాయి.

"ఏమే సుధా! మగ్గం గుంతలో నీళ్లు ఊరుతాండాయే!" అని పెళ్లాన్ని కేకేశాడు.

వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్ము తప్ప రాని నేల అది. అందులో నీళ్లు ఊరితే ఎవరైనా ఏమనుకుంటారు? వీధి చివరి వెంకటలక్ష్మమ్మ అవ్వ "గంగమ్మ తల్లి వెలిసింది" అంటూ పసుపు కుంకుమలతో వచ్చింది. వెనకే వీధంతా సాంబ్రాణి ధూపంతో వచ్చింది. ఆ పొగకు ఎక్కడో దూరాన ముదిగుబ్బలో గొర్రెలు తుమ్మాయట, నేను నమ్మాను.

కుళ్ళాయప్ప కూడా దండం పెట్టుకుని గుంతలోకి తొంగిచూశాడు. నీళ్ల మీద ఎండుమిరపకాయలు తేలుతున్నాయి. తన భార్య సోమక్క నిన్న మిద్దె మీద ఆరబోసి మరిచినవే!

"మిరపకాయలతో దిగింది తల్లి. ఉగ్రంగా ఉండాది" అంది అవ్వ.

ఇవి తన మిద్దె నీళ్లేనని కుళ్ళాయప్పకు అర్థమైంది. నీళ్లు ఇంకో జానెడు లేస్తే మగ్గం మీది పడుగు దారాలు తడుస్తాయి, పట్టు పాడవుతుంది.

"పోతులయ్యా, బిన్నా తోడేయప్పా, చీర తడిసేలోగా!"

"అమ్మవారిని బకెట్టుతో తోడమంటావా? కళ్లు పోతాయి!"

చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే చీర పోతుంది. కుళ్ళాయప్ప తల వంచుకుని గొణిగాడు: "గంగమ్మ కాదు. నా మిద్దె నీళ్లే. నా గుంతలోంచి వస్తాండాయి."

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. "ఏమబ్బా, పొద్దున చెరువును మింగితివి, ఇప్పుడు అమ్మవారిని కంటివా?" అంది అవ్వ.

చెవులు కాలిపోతుండగా ఆయన వానలోనే మిద్దెక్కి పైపు ఊడబెరికాడు. తాను దాచాలనుకున్న నీళ్లన్నీ కళ్లముందే వీధి కాలువలో కలిశాయి. అక్కడ మగ్గం గుంతలో నీళ్లు పడుగుకు బెత్తెడు కింద ఆగిపోయాయి. చీర దక్కింది. ఇప్పుడైనా నమ్ముతారని ఆయన తిరిగి వచ్చాడు.

"చూస్తిరా! వీడు నోరు పారేసుకునె, తల్లి అలిగి నిలిచిపాయ!" అని అవ్వ కళ్లు ఒత్తుకుంది.

"నా ఇంటికొచ్చిన తల్లిని తరిమితివి గదప్పా" అన్నాడు పోతులయ్య. సోమక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

కుళ్ళాయప్ప తడవని చీర వైపు ఒకసారి చూసి, అది దక్కింది చాలనుకున్నాడు. "తప్పయిపాయ తల్లీ" అని లెంపలు వేసుకున్నాడు.

ఉన్న నీళ్లను తీర్థమని వీధంతా చెంబులతో వరుసకట్టి తోడుకుపోయింది. అందరికంటే వెనక నిలబెట్టిన కుళ్ళాయప్ప దోసిట్లో అవ్వ ఒక్క ఉద్ధరిణి పోసింది. ఆ నీళ్లు దిగిన తన మిద్దె మీద ఎన్ని పావురాలు కాపురం ఉంటాయో ఎరిగినవాడు ఆ వరుసలో ఆయన ఒక్కడే. కళ్లకద్దుకుని తాగాడు.