సురులేరెలో నిశ్శబ్దానికి అనుమతి

నైజీరియా దర్శకులు ప్రపంచంలోకెల్లా గొప్పవాళ్లని నేను బల్లగుద్ది చెబుతాను. మిగతా దేశాల దర్శకులు సినిమా మాత్రమే తీస్తారు. మావాళ్లు ముందు వీధిలో జనరేటర్లు ఆపించి, ఆ తర్వాత సినిమా తీస్తారు.

కరెంటు ఎప్పుడో గాని రాదు గనక మా సురులేరె వీధిలో ఇంటింటికీ ఒక జనరేటర్ ఉంటుంది. అది లేని ఇంట్లో ప్రార్థనా మందిరం ఉంటుంది. అందుకే మా లేగోస్ నగర పెద్దలు దయతలచి నిశ్శబ్ద సరఫరా కార్యాలయం తెరిచారు. (ఆ కార్యాలయం జనరేటర్ మాత్రం ఆగకూడదు. ఆగితే ముద్రలు వేసే గదిలో చీకటి.)

దర్శకురాలు ఎబియెరె అక్కడికి వెళ్లింది ఒకే ఒక్క దృశ్యం కోసం. కొడుకు శవం పక్కన తల్లి చప్పుడు లేకుండా ఏడవాలి. తల్లి వేషం మామా రేమిది. (మామా అంటే మా దగ్గర అమ్మ.) దేశమంతటినీ ఏడిపించిన పెద్దావిడ. ఇదే తన ఆఖరి సినిమా అని, గ్లిజరిన్ ముట్టనని, నిజంగా ఒక్కసారే ఏడుస్తానని చెప్పేసింది. ఆ ఒక్క ఏడుపూ పోతే సినిమా పోయినట్టే.

"ఎలాంటి నిశ్శబ్దం కావాలి మేడమ్?" అన్నాడు అధికారి గనియు. "పరీక్షలకిచ్చేది వేరు, ఆస్పత్రులకిచ్చేది వేరు."

"శవం పక్కన ఉండేది, ఓగా." (ఓగా అంటే మాకు అయ్యగారు.)

"అసలు శవమా, నటుడా?"

"నటుడే."

"అయితే ఊపిరి పీలుస్తాడుగా. దానికి విడిగా రాయాలి."

రాశారు. (వీలైనంత తక్కువ పీలుస్తానని నటుడు హామీ ఇచ్చాడు.)

షూటింగ్ రోజున గనియు స్వయంగా ఎర్ర జెండా ఊపుతూ వీధంతా తిరిగాడు. జనరేటర్లు ఒక్కొక్కటే ఆగాయి. జనం చెమటలు కక్కుకుంటూ గుమ్మాల్లోకి వచ్చారు. మందిరంలో పాస్టర్ గారు ఒకావిడకు దయ్యాన్ని సగం వదిలించి ఆపేశారు. దయ్యం కూడా సహకరించింది.

మామా రేమి కొడుకు తలను ఒళ్లోకి తీసుకుంది. కంటి కొసన నీరు పుట్టి మెల్లగా చెంప మీదికి జారింది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది.

"అప్ నేపా" అని వీధి వీధంతా ఒక్క గొంతుతో అరిచింది. (అంటే నేపాకి జై అని. నేపా అనే ఆ కరెంటు సంస్థ ఎప్పుడో పోయింది. కేక మాత్రం మిగిలింది.) నేనూ అరిచాను. మామా రేమి ఏడుస్తూనే రెండు చేతులూ పైకెత్తి అరిచింది. ఆమె ఒళ్లోంచి శవం లేచి, ఫోన్ చార్జింగ్‌కి పెట్టడానికి పరుగెత్తింది.

ఎబియెరె ఉన్నచోటనే కూలబడింది. "నా సినిమా పోయింది," అంది.

"మా వైపు నుంచి లోపం లేదు మేడమ్," అన్నాడు గనియు. "జనరేటర్లు మా శాఖవి, ఆపాం. సంతోషం మా శాఖ కిందికి రాదు."

మామా రేమికి జాలేసింది. "లేవవే తల్లీ. నీ మొహం చూస్తుంటే నాకు ఇంకోసారి ఏడుపొచ్చేట్టే ఉంది. ఈసారి మాత్రం కరెంటు రాకుండా చూసుకో," అంది.

ఎబియెరె ఆశగా లేచింది. "కరెంటు రాకుండా ఉండటానికి ఎక్కడ అనుమతి తీసుకోవాలి, ఓగా?"

ఆ మాటకు గనియు నొచ్చుకున్నాడు.

"దానికి అనుమతి దేనికి మేడమ్? అది అందరికీ ఉచితంగా ఇస్తూనే ఉన్నాంగా."