కూర్చుని చూపించమ్మా

మనిషికి కుర్చీ అనవసరం. నమ్మరా? పెద్ద షాపులో పనిచేసేవాళ్ళని ఎవరినైనా అడగండి. నిలబడే చెబుతారు.

నేను మూడంతస్తుల షాపులో రెండో అంతస్తున బకెట్లు, మగ్గులు అమ్ముతాను. మూడేళ్ళయింది. మా ఊరి బడిలో లెక్క తప్పితే మేస్టారు పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టేవారు. ఇక్కడ ఏ లెక్కా తప్పకపోయినా పదకొండు గంటలు నిలబెడతారు, పైగా నెలనెలా జీతం ఇస్తారు. అభివృద్ధి అంటే ఇదే కదా!

నిలబడటం వల్ల లాభాలు ఒకటా రెండా? కూర్చుంటే నడుము పెరుగుతుందని డాక్టర్లు చెబుతున్నారు. మా అంతస్తులో ఎవరికీ నడుము పెరగలేదు. పాదాలు పెరిగాయి, అంతే. చేరినప్పుడు ఐదో నంబరు చెప్పులు వేసుకునేదాన్ని, ఇప్పుడు ఆరో నంబరు. ఇద్దరు పిల్లల తల్లి అయిన మా అక్క పాదం కన్నా నా పాదమే పెద్దది. ఇంట్లో ఏదో ఒక విషయంలో నేను పెద్దదాన్నయ్యాను.

ఆరోగ్యం మీద షాపువారి శ్రద్ధ అక్కడితో ఆగలేదు. పద్దెనిమిది మందిమి ఉన్న అంతస్తుకి బాత్రూమ్ టోకెన్ ఒక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే ఆ పూట వాళ్ళకి దక్కే మర్యాద మంత్రులకి కూడా దక్కదు. దానికోసం ఎదురుచూసే కంటే నీళ్ళు తాగకపోవడమే తేలికని చాలామందిమి మానేశాం. దాహాన్ని జయించడానికి వెనకటికి మునులు అడవులకి పోయేవారట. మాకు ఏసీలోనే కుదిరింది!

ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర సంచి తెరిచి, టిఫిన్ డబ్బా మూత తీసి మరీ చూస్తారు. తిన్నానో లేదోనని మా అమ్మ కూడా ఇంత పట్టుదలగా చూడలేదు.

ఈ సుఖాలన్నీ నాకంటే బాగా ఎరిగిన మనిషి మా అంతస్తులోనే, బకెట్ల పక్కనున్న సోఫాల విభాగంలో ఉంది. నలభై దాటాయి. అందరం సోఫాలక్క అంటాం. తొమ్మిదేళ్ళుగా సోఫాలు అమ్ముతోంది. ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. ఒక్కో సోఫా ఖరీదు ఆమెకి పద్నాలుగు నెలల జీతం. అంత ఖరీదైన సరుకు పక్కన రోజంతా నిలబడనిస్తున్నారంటే, ఎంత నమ్మకం!

మా షాపులో కూర్చుంటే మెమో ఇస్తారు. మూడు మెమోలైతే ఇంటికి పంపేస్తారు, ఇక ఎంతసేపైనా కూర్చోవచ్చు. అక్కకి అప్పటికే రెండున్నాయి. మొదటిది స్తంభానికి ఆనుకున్నందుకు. రెండోది మోకాలు పట్టేసి అట్టపెట్టె మీద కూలబడినందుకు. ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే కనుక మూడోది రాకూడదని ఆమె కోరిక. ఆ సంగతి ఎవరూ మోకాలికి చెప్పలేదు.

పోయిన మంగళవారం ఒక పెద్దావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. సోఫాని నాలుగు వైపులా నొక్కి చూసి, “మెత్తగా ఉంటుందా?” అని అడిగింది.

“చాలా మెత్తగా ఉంటుందమ్మా,” అంది అక్క.

“నువ్వెప్పుడైనా కూర్చున్నావా?”

“లేదమ్మా.”

“మరి నీకెలా తెలుసు?”

“కొన్నవాళ్ళు చెబుతారమ్మా.”

“వాళ్ళ మోకాళ్ళు బాగుండి ఉంటాయి. నేను ఇలాంటివాటిలో కూర్చుంటే ఇద్దరు లేపాలి. నీ మోకాళ్ళూ నావాటిలాగే ఉన్నాయి, నడుస్తుంటే చూశాలే. నువ్వు ఓసారి కూర్చుని చూపించమ్మా. నువ్వు లేవగలిగితే నేనూ లేస్తాను.”

అక్క తలెత్తి కెమెరా వైపు చూసింది. మా మొదటి రూల్ ప్రకారం కస్టమర్ మాట కాదనకూడదు, కాదంటే మెమో. ఏడో రూల్ ప్రకారం కూర్చోకూడదు, కూర్చుంటే మెమో. మీరైతే ఏం చేస్తారు?

అక్క కూర్చుంది.

నేను బకెట్ల మధ్య నుంచి చూస్తూనే ఉన్నాను. ముందు అంచు మీద కూర్చుంది, బస్సులో సగం సీటు దొరికినట్టు. తర్వాత కాస్త వెనక్కి జరిగింది. వీపు ఆనింది.

“ఎలా ఉంది?” అని అడిగింది పెద్దావిడ.

అప్పటికే అక్క నిద్రపోయింది.

“లేపనా అమ్మా?” అంది కూతురు.

“ఉండనీవే, పాపం. నిద్ర పడుతుందని తెలిసిందిగా. నాకు కరువైంది అదేగా. వెళ్ళి బిల్లు వేయించు.”

ఈలోగా సూపర్‌వైజర్ మెమో పుస్తకంతో పరుగున వచ్చాడు. పెద్దావిడ పెదవుల మీద వేలు పెట్టుకుంది. “మెల్లగా బాబూ. నేనే కూర్చోమన్నాను.”

ఆయన అక్క వైపు చూశాడు, అప్పుడే తిరిగొచ్చిన కూతురి చేతిలోని బిల్లు వైపు చూశాడు. ఆ నెలలో అమ్ముడైన మొదటి సోఫా అది. పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.

ఏడు నిమిషాలకి అక్క ఉలిక్కిపడి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. “క్షమించండమ్మా,” అంది.

“లేచావుగా. అదీ చూశాను,” అంది పెద్దావిడ తృప్తిగా.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఏడో రూల్ మారింది: ‘కస్టమర్ కోరితే తప్ప సిబ్బంది కూర్చోరాదు.’ ఎంత దయ! అక్క ఉద్యోగం నిలిచింది. ఆరు రోజులైంది. అక్క కూడా నిలబడే ఉంది. ఎవరూ కోరలేదు మరి.

కనుక, అయ్యా, అమ్మా, నా మొదటి మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. మాకు కుర్చీ అనవసరం. మీ నోటి మాట చాలు. సోఫా కొనకపోయినా ఫరవాలేదు. అటుగా పోతూ పోతూ, “ఓసారి కూర్చుని చూపించమ్మా” అనండి. దానికి బిల్లు వేయరు.

ఆ పైన నాలుగడుగులు వేసి బకెట్ల దగ్గరికి రండి. బోర్లించిన బకెట్ మనిషి బరువు మోస్తుందో లేదో మీకు తెలుసుకోవాలని ఉండదా? బకెట్ ఎక్కి బల్బు మార్చే అలవాటున్నవాళ్ళకి ఇది ప్రాణం మీది సంగతి.

నేను నలభై ఎనిమిది కిలోలుంటాను. తీరిగ్గా చూపిస్తాను. అడగండి.