పునీతుడి చేతిలో కొయ్య

ఆ గురువారం పొద్దున అనయీగ్ పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి పట్నం నుంచి పాత కట్టడాల అధికారి వచ్చేలోగా చాపెల్‌లోని పునీత గ్వెనార్ విగ్రహానికి బూజు దులిపి, ముఖం తుడిచి, చూడ్డానికి పెద్దమనిషిలా నిలబెట్టాలి. ఐదు వందల ఏళ్ల నాటి కొయ్య విగ్రహం చెమ్మకు పాడైపోతోందని, మ్యూజియానికి తరలించాలని ఎవరో పనిలేనివాళ్లు ఉత్తరం రాశారట. ఆ సంగతి ఇవాళ తేలిపోతుంది. ఆదివారమేమో పర్దోన్ పండుగ. ఊరంతా పునీతుణ్ణి భుజాలకెత్తుకుని సముద్రం దాకా ఊరేగిస్తుంది. పునీతుడే లేకపోతే ఎవర్ని ఊరేగిస్తారు, అనయీగ్‌నా? చాపెల్ తాళంచెవి నాలుగు తరాలుగా ఆవిడ పుట్టింటివాళ్లదే. తన చేతిలో తాళం ఉండగా గ్వెనార్ ఊరు దాటాడన్న మాట పడడం ఆవిడ వల్ల కాదు.

ముఖం బాగానే తుడిచింది. చేతి దగ్గరకు వచ్చేసరికి కొంప మునిగింది. పునీతుడి పిడికిట్లో మసిబారిన కొయ్య ఒకటుండేది. అది పట్టకారని ఊరివాళ్ల నమ్మకం. అందుకే పన్ను నొప్పెడితే అందరూ గ్వెనార్ దగ్గరికే వచ్చేవారు. అనయీగ్ గుడ్డ తగిలీ తగలకముందే ఆ కొయ్య ఊడి, రాతినేల మీద పడి రెండు ముక్కలైంది.

టైము పదికి ఇరవై నిమిషాలు తక్కువ. ఆవిడ ముక్కలు ఏప్రాన్ జేబులో వేసుకుని ఇంటికి పరుగెత్తింది. జిగురు సీసా చూస్తే ఎండి రాయైపోయింది. కళ్లముందు గోడకు వేలాడుతున్నది రొజెల్ ఒక్కటే. పెనం మీద అట్లపిండి పరిచే చెక్క అది, సన్నటి పిడి, చివర అడ్డకొయ్య. దానికింత పొయ్యి మసి, ఇంత కొవ్వొత్తి మైనం పూసి తీసుకెళ్లి పునీతుడి పిడికిట్లో దూర్చింది. కొలిచి చేసినట్టు సరిగ్గా దిగింది. అంత సరిగ్గా ఎలా దిగిందని ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

అధికారి పేరు లెస్కూర్. సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు, మెడలో భూతద్దం. మంచివాడే. అడక్కపోయినా అన్నీ చెప్పుకొచ్చాడు. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా కుక్కలనుకుని తుడుస్తున్న దూలం మీది బొమ్మలు నక్కలట, కోళ్లకు ప్రసంగం చేస్తున్నాయట, ఆ కాలం వడ్రంగులు ఫాదర్లను అలా ఎగతాళి చేసేవారట. ఇప్పుడున్న ఫాదర్‌ని తలుచుకుని అనయీగ్ నవ్వాపుకుంది. విగ్రహాన్ని వేలితో తట్టి, కొయ్య గట్టిగానే ఉంది, చెమ్మ భయం లేదు, ఇక్కడే ఉండనివ్వొచ్చు అన్నాడు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే అతని చూపు పునీతుడి చేతి మీద పడింది.

"అమ్మా, ఇది పట్టకారని మీకెవరు చెప్పారు?"

"అందరూ అదే అంటారు బాబూ."

"కాదు. ఇది టి ఆకారపు శిలువ. దీన్ని పట్టుకునేది పునీత అంతోనివారు. అంటే మీ గ్వెనార్ అసలు గ్వెనారే కాదు. ఆ పాదాల దగ్గరున్నదేమిటి?"

"అల. ఆయన రాతి పడవ మీద సముద్రం దాటొచ్చాడుగా."

లెస్కూర్ మోకాళ్ల మీద కూర్చుని భూతద్దం పెట్టి చూశాడు. "పంది," అన్నాడు గౌరవంగా. అంతోనివారి పక్కన పంది ఉండాలట.

ఇంకేముంది, అక్కడికక్కడే పై అధికారికి ఫోన్ చేశాడు. ఇంత అరుదైన విగ్రహాన్ని పల్లెలో వదలడం నేరమన్నాడు. మధ్యాహ్నం రెండింటికి వ్యాన్ వస్తుందన్నాడు. విరిగిందంటే తీసుకెళ్లిపోతారని ఆవిడ అతుకు పెడితే, ఆ అతుకు చూసే తీసుకెళ్లిపోతున్నారు. అనయీగ్‌కి ఏడుపొచ్చింది. నిజం చెబితే విగ్రహం విరగ్గొట్టిన మనిషవుతుంది, చెప్పకపోతే విగ్రహాన్ని పోగొట్టిన మనిషవుతుంది.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న ఆవిడ వదిన మరివోన్, కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు ఊరు చుట్టొచ్చింది. పన్నెండయ్యేసరికి పండుగ జెండా మీద గ్వెనార్ పేరు కుట్టిన ఆడవాళ్లు దారాలు విప్పుతూ కూర్చున్నారు. పదకొండు చరణాల్లో గ్వెనార్ పేరున్న కీర్తనను ఏం చేయాలని గాయకులు తగువులాడుకున్నారు. మాంసం కొట్టాయన ఊరేగింపుకి బతికున్న పందిని తోలుకొస్తానని కబురు పెట్టాడు.

కడుపు నిండిన మనిషికి నిజం చెప్పడం తేలికని, అనయీగ్ లెస్కూర్‌ని భోజనానికి పిలిచింది. పెనం వేడెక్కింది, పిండి సిద్ధంగా ఉంది, పరచడానికి రొజెల్ లేదు. గరిటెతోనే తిప్పింది. పిండి ఒకచోట కుప్పపడింది, ఒకచోట చిరిగింది. అప్పుడే మరివోన్ వచ్చి ప్లేటులోకి తొంగిచూసింది.

"ఏమే అనయీగ్, ఇది అట్టా, అతుకుల బొంతా? నీ రొజెల్ ఏమైంది?"

"ఎక్కడో పెట్టాను వదినా."

"గోడకుండేదాన్ని ఎక్కడ పెడతావే?" అంటూ ఆవిడ పక్కింటికి పోయి తనది తెచ్చి, ఒక్క తిప్పులో చందమామలాంటి అట్టు పోసింది. లెస్కూర్ ఫోర్కు నోటి దగ్గరే ఆగిపోయింది. సన్నటి పిడి. అడ్డకొయ్య. టి ఆకారం. అతను మరివోన్ చేతి వంక చూశాడు, గోడకు ఖాళీగా ఉన్న మేకు వంక చూశాడు, చివరికి అనయీగ్ ముఖం వంక చూశాడు.

"చేతిలోనిది ఊడి విరిగింది బాబూ," అంది ఆవిడ తల దించుకుని. "భయపడి నాది పెట్టాను." ఏప్రాన్ జేబులోంచి రెండు ముక్కలూ తీసి బల్ల మీద ఉంచింది.

లెస్కూర్ గుడ్డ తడిపి ముక్కల్ని రుద్దాడు. మసి పోయింది. మసి కింద రంగు, అదీ పోయింది. కింద అంచు కాలిన అడ్డకొయ్య, పిడి మీద కత్తితో చెక్కిన రెండక్షరాలు, మ, కె. గుడ్డకు పాత వెన్న వాసన.

"మరీ కెర్‌బ్రాత్," అంది అనయీగ్ మెల్లగా. "మా నానమ్మ."

నానమ్మ కాలంలోనూ విగ్రహం తుడుస్తుంటే ఏదో ఊడిందన్నమాట. నానమ్మకీ చేతికందింది రొజెలేనన్నమాట.

మరివోన్ కుర్చీలో కూలబడింది. "అంటే నా పన్ను బాగుచేసింది అట్ల చెక్కా?"

లెస్కూర్ బయటికెళ్లి ఫోన్ చేశాడు. పంది సంగతి వెనక్కి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. లోపలికొచ్చినప్పుడు చెవులు ఎర్రగా ఉన్నాయి. విరిగింది పురాతన వస్తువు కాదు గనక అనయీగ్ మీద తప్పు లేదు. శిలువ లేదు గనక మ్యూజియానికి ఆ విగ్రహంతో పని లేదు. వ్యాన్ రాదు. ఇంకో అట్టు పెడతారా అని అడిగాడు. అనయీగ్ కళ్లు తుడుచుకుని నాలుగు పోసింది, వదిన రొజెల్‌తో.

ఆదివారం గ్వెనార్ తన పేరుతోనే, తన అల మీదే, చేతిలో అనయీగ్ రొజెల్‌తో సముద్రం దాకా ఊరేగాడు. సోమవారం అట్లు వేసుకోవడానికి ఆవిడ దాన్ని తెచ్చుకుని, సాయంత్రం కడిగి మళ్లీ పునీతుడి పిడికిట్లో పెట్టింది. నెల తర్వాత లెస్కూర్ నివేదిక వచ్చింది. అందులో విగ్రహం చేతి గురించి ఒక్క ముక్కే ఉంది: "చేతిలోని వస్తువు స్థానికం, ఇప్పటికీ వాడుకలో ఉంది."