శనివారం నెయ్యి కారం దోశ

శనివారం పొద్దున ఆరూ ముప్పావుకు దయాకర్ ఫోన్ మోగింది. నాచారం మందుల ఫ్యాక్టరీలో అతని నౌకరీ పర్మినెంట్ అయిందని సూపర్‌వైజర్ కబురు చెప్పాడు. ఆ మాట వినగానే హిమజకు చేతిలోని పాలగిన్నె కూడా బరువు తగ్గినట్టనిపించింది.

పెళ్లయి యాభై రోజులు. ఉప్పల్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో అత్తమామల మధ్య వాళ్లిద్దరూ ఒక్కసారైనా విడిగా కూర్చుని తిన్నది లేదు. హిమజ కోరిక పెద్దదేమీ కాదు. ఎదురుగా దయాకర్ ఉండాలి, మధ్యలో అప్పుడే పెనం దిగిన నెయ్యి కారం దోశ ఉండాలి. డిగ్రీ పరీక్షలప్పుడు కూడా దేన్నీ ఇంతగా తలుచుకోలేదామె. బట్టలు ఆరేస్తున్నా, బియ్యం ఏరుతున్నా ఆ దోశే ఆవిరి కమ్ముకుంటూ కళ్ల ముందు తేలిపోయేది.

"ఇయ్యాలే పోదామా?" గుసగుసగా అడిగాడు దయాకర్.

"ఇయ్యాల శనివారం గదా!"

శనివారం ఆ ఇంట్లో ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా చాయ్ తప్ప ఎవరూ ఏమీ ముట్టకూడదు. అత్తగారు రాజేశ్వరమ్మ పెట్టిన కట్టుబాటది.

"గుడికి పోతున్నమని జెప్దాం. నాచారంల మనింటోళ్లు ఎవరు జూస్తరు?"

కొడుకు నౌకరీ సంగతి విని రాజేశ్వరమ్మ కళ్లొత్తుకుంది. "పోండ్రి బిడ్డా, మంచిగ మొక్కుండ్రి. నిమ్మలంగ రాండ్రి, తొందరేం లేదు" అంది. మామగారు పరంధామయ్య అప్పటికే వాకింగ్‌కు వెళ్లిపోయాడు.

బండి వెనక కూర్చున్న హిమజకు ఆ పూట ఉప్పల్ రోడ్డు మీద దుమ్ము కూడా పసుపు చల్లినట్టే కనిపించింది.

నాచారంలోని తిరుపతి టిఫిన్ సెంటర్ అంటే రేకుల షెడ్డు, నాలుగు స్టీలు బల్లలు, ఒక పెద్ద పెనం. యజమాని తిరుపతి పెనం మీద నెయ్యి వేస్తుంటే లేచిన ఆవిరిలో దయాకర్ ముఖం మబ్బులో చంద్రుడిలా ఒకసారి కనబడుతూ, ఒకసారి దాగుతూ ఉంది. దోశ వచ్చింది. హిమజ అంచు తుంచింది. నోటిదాకా తెచ్చింది.

"అన్నా, నా పూరీ అయిందా?" అన్న గొంతు వెనక నుంచి వినబడింది.

ఆ గొంతు పరంధామయ్యది. తల మీద మంకీ క్యాప్, చేతిలో వాకింగ్ కర్ర. మామ కోడల్ని చూశాడు. కోడలు తుంచిన ముక్కను మెల్లగా ప్లేటులో పెట్టేసింది.

"మీరేంది గిక్కడ?" అన్నాడాయన.

"గుడి కాడ పంచుదామని నాయనా!" దయాకర్ నోటికొచ్చింది అనేశాడు. "నా నౌకరీ పర్మినెంట్ అయింది, పొద్దుగాలనే ఫోన్ వచ్చింది. పార్శిల్ కట్టిస్తున్నం."

"అట్లనా! మస్తు సంతోషం రా!" పరంధామయ్య మురిసిపోయి, అంతలోనే తన పూరీ సంగతి గుర్తొచ్చి తడబడ్డాడు. "నేను గూడ... పంచనీకే."

ఇక చేసేదేముంది? పుణ్యకార్యానికి తెచ్చిన దోశను ఎవరైనా తింటారా? తన దోశను ఆకులో చుట్టి పేపర్లో కడుతుంటే హిమజ కన్నార్పకుండా చూసింది.

ఇదంతా విన్న తిరుపతి గరిటె పైకెత్తాడు. "గుడిదాంక ఎందుకు పటేలా? మా కాడ ఆకలైనోళ్లు లేరా? ఈడనే పంచుండ్రి. పుణ్యంల నాకు గూడ వాటా ఉంటది!" అంటూ రోడ్డు మీదికి కేకేశాడు. "రాండ్రి, రాండ్రి! కొత్త జంట టిఫిన్ పెడుతున్నది!"

ముందు ఇద్దరు ఆటోవాళ్లు వచ్చారు. తరవాత ఫ్యాక్టరీ నైట్ షిఫ్టు దిగినవాళ్లంతా వచ్చారు. చూస్తుండగానే వరుస రోడ్డెక్కింది. దయాకర్ ప్లేట్లు అందిస్తున్నాడు. పరంధామయ్య మంకీ క్యాప్ తీసి వరుసను అదుపు చేస్తున్నాడు. అల్లం చట్నీ బకెట్టూ గరిటే హిమజ చేతికి వచ్చాయి.

"సల్లగుండు చెల్లె! జర చట్నీ ఎక్కువెయ్యి" అన్నాడొక ఆటో అన్న.

హిమజకు కోపం రావలసిందే, రాలేదు. ఆకలితో కళ్లు తేలిపోతున్నా, తిన్నవాళ్లందరూ దీవిస్తుంటే మళ్లీ పెళ్లిపీటల మీద కూర్చున్నట్టే ఉంది. అక్షింతలకు బదులు చట్నీ చుక్కలు పడుతున్నాయి, అంతే.

ఇంతలో గుంపులోంచి ఒక చెయ్యి దూరి స్టీలు డబ్బా చాపింది. మనిషి కనబడటం లేదు. హిమజ గరిటె ఎత్తి, డబ్బా మీద చెక్కిన అక్షరాలు చూసి ఆగిపోయింది. 'చి.ల.సౌ. హిమజకు, మేనత్త శాంతాబాయి.' తన పెళ్లిలో చదివించిన డబ్బా!

"ఓ పెద్దమ్మా, నీకు లైనెందుకు?" తిరుపతి పెనం దగ్గర్నుంచి అరిచాడు. "శనివారం శనివారం నీ అల్లం చట్నీ పక్కకు వెడ్తనే ఉంటి గదా!"

గుంపు పక్కకు జరిగింది. తల నిండా కొంగు కప్పుకుని రాజేశ్వరమ్మ నిలబడి ఉంది. అత్త కోడల్ని చూసింది. కొడుకునీ చూసింది. మొగుడి చేతిలోని మంకీ క్యాప్‌ను మాత్రం చాలాసేపు చూసింది.

"గుడి గింత దూరం వచ్చిందా?" అంది చివరికి.

"నీకూ ఇదే గుడా?" అన్నాడు పరంధామయ్య.

"ఒక్కపొద్దంటే ఒక్క పూట తినుడు. అది పొద్దుగాల తినొద్దని నాకు దేవుడేం జెప్పలే."

ముందు హిమజకే నవ్వొచ్చింది. తరవాత నలుగురూ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. దయాకర్ మూల బల్ల తుడిచి, "అన్నా, నాలుగు నెయ్యి కారం" అన్నాడు.

తిరుపతి పిండి గిన్నెను బోర్లించి చూపించాడు. "ఖతం. పూరీ పిండి గూడ ఖతం. మీ పుణ్యం గట్లున్నది."

ఇంటిదారి పట్టేముందు రాజేశ్వరమ్మ కోడలి ముఖం చూసింది. హిమజ చూపు ఇంకా ఖాళీ పెనం మీదే ఉంది.

"రేపు పొద్దుగాల ఏడింటికి మీరిద్దరే రాండ్రి బిడ్డా" అంది మెల్లగా. "మేం ఎనిమిదింటికి వస్తం. నడుమల మీ మామ ఇటు దిక్కు రాకుంట నేను సూసుకుంట."

ఆ ఇంట్లో నలుగురికి నలుగురూ శనివారం నిజంగా ఒక్కపొద్దు ఉండటం అదే మొదటిసారి.